దీవాంతరం పోయిన తాత పేరు ఏ పుస్తకంలో ఉంది?

మన పేటల్లో పాత తరం వాళ్లని కూర్చోబెట్టి వంశం చెప్పమంటే నాలుగు పేర్లు గబగబా చెప్పేసి ఐదో పేరు దగ్గర ఆగుతారు. "ఆయన దీవాంతరం పోయాడు లేరా" అంటారు. ఆ 'లేరా'లోనే ఉంది అంతా. ఇక అడగొద్దని దాని అర్థం. ఏ దీవికి పోయాడు, ఎందుకు పోయాడు, చచ్చాడా బతికాడా, అక్కడ మళ్లీ ఇల్లు కట్టుకున్నాడా అన్నది ఎవరూ చెప్పరు. ఒకరు హత్య అంటారు, ఇంకొకరు దొర ధాన్యం కొల్లగొట్టాడంటారు, మరొకరు అసలు చెయ్యని నేరం నెత్తినేశారంటారు. సంబంధాలు చెడతాయని ఒక తరం దాచింది. దాచింది కాస్తా రెండో తరానికి మరుపున పడింది.

ఈ మధ్య కుర్రవాళ్లు ఆ ఐదో పేరు దగ్గర ఆగడానికి ఒప్పుకోవడం లేదు. చదువుకున్నారు, చేతిలో ఫోనుంది, పక్క దేశాల వాళ్లు తాతముత్తాతల కాగితాలు వెతుక్కుంటున్న సంగతి చూస్తున్నారు. "మా ముత్తాతని అండమాన్ పంపారంట, ఎక్కడ వెతకాలి, కాగితం దొరుకుద్దా" అని మమ్మల్ని అడుగుతున్నారు. దొరుకుతుంది. అందరికీ కాదుగానీ చాలామందికి దొరుకుతుంది. అయితే ఆ కాగితం చేతికొచ్చాక దాన్ని ఎట్లా చదువుకోవాలన్నది వెతకడం కంటే పెద్ద పని. అందుకే ఈ సంచిక సంపాదకీయం దీనికి కేటాయిస్తున్నాం.

ఈ దేశంలో వంశ చరిత్ర పైకులాల సొత్తు. భట్రాజు వచ్చి ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. కాశీలో, గయలో పండాల దస్త్రాలు విప్పితే వాళ్ల ముత్తాత చేవ్రాలు కనిపిస్తుంది. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడి పేరు ఉంటుంది. మనకేముంది? మాదిగలకి డక్కలివాళ్లున్నారు. జాంబపురాణం చెప్పి గోత్రాలు చదివేవాళ్లు. వాళ్ల నోట ఉన్నది చరిత్రేనని ఏ పండితుడూ ఒప్పుకోలేదు. క్రైస్తవం పుచ్చుకున్న ఇళ్లకి మిషను చర్చిల్లో బాప్తిస్మం పుస్తకాలున్నాయి. అవి తీసేస్తే, నూటయాభై ఏళ్ల కిందట ఒక మాల మనిషి పేరు, ఒక ఎరుకల మనిషి పేరు తండ్రి పేరుతో ఊరి పేరుతో సహా ఎవడైనా కాగితం మీద పెట్టాడంటే, పెట్టింది పోలీసో, కోర్టో, జైలో, కూలీల్ని ఓడెక్కించే డిపోనో అయి ఉంటుంది. మనల్ని పట్టుకున్నప్పుడే మన పేరు అడిగారు. మన చరిత్రకి ఆధారం మన మీద పెట్టిన కేసే అయింది.

ఇట్లాంటి కేసు కాగితాల నుంచే ఇవాళ వంశవృక్షాలు గీసుకుంటున్న జనం ఇంకొకరున్నారు. ఆస్ట్రేలియా తెల్లవాళ్లు. వాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1787 మే నెలలో ఇంగ్లండు నుంచి పదకొండు ఓడలు బయల్దేరి 1788 జనవరిలో ఆ తీరం చేరాయి. అప్పట్నించి 1868 దాకా ఎనభై ఏళ్లపాటు సుమారు 1,62,000 మంది ఖైదీలను అక్కడ దించారు. లండన్ మురికివాడల్లో జేబులు కొట్టినవాళ్లు, ఐర్లండు పేద రైతులు, దొరసాని గుడ్డలు తీసిన పనిమనుషులు. మేరీ వేడ్ అని పదకొండేళ్ల పిల్ల, ఇంకో పిల్ల ఒంటిమీది బట్టలు లాక్కుందని ముందు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని దీవాంతరం కింద మార్చి 1790లో ఓడలో తెచ్చి దించారు.

1834లో డోర్సెట్ జిల్లాలో టాల్‌పడిల్ అనే పల్లె కథ ఇంకా మనకి దగ్గర. వారానికి తొమ్మిది షిల్లింగులున్న కూలి ఎనిమిదికి, ఎనిమిది ఏడుకి దిగింది. ఇంకా దించుతామంటే ఆరుగురు వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకున్నారు. సంఘం పెట్టుకోవడం అప్పటికి నేరం కాదు. అందుకని రహస్యంగా ప్రమాణం చేశారనే నేరం వెతికి ఏడేళ్ల దీవాంతరం వేశారు. జనం పెద్ద ఎత్తున గొడవచేస్తే 1836లో క్షమాభిక్ష పెట్టారు. కూలిరేట్లు పెంచమన్నవాళ్ల మీద ఏ కేసు బనాయించాలో వెతకడం మన ఊళ్లల్లో చూసినవాళ్లకి ఇందులో కొత్తేం లేదు.

ఈ ఖైదీల పిల్లలు, మనవలు నూరేళ్లు నోరు విప్పలేదు. దాన్ని వాళ్లు 'ఖైదీ మచ్చ' అన్నారు. వాన్ డీమెన్స్ లాండ్ అనే దీవికి ఖైదీల్ని పంపడం 1853లో ఆపి, 1856లో ఆ పేరే మార్చి టాస్మేనియా అని పెట్టుకున్నారు. పాత పేరు పలికితే జైలే గుర్తొస్తుందని. ఆ రికార్డులు తగలబెట్టండని పెద్దమనుషులు అడిగిన రోజులున్నాయి. అదృష్టం, తగలబెట్టలేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో మనవలు, మునిమనవలు ఆ పుస్తకాలు విప్పడం మొదలుపెట్టారు. ఇవాళ టాస్మేనియా గ్రంథాలయం వాళ్ల సైట్‌లో పేరు కొడితే రూపాయి ఖర్చు లేకుండా ఖైదీ పుట వస్తుంది. ఎత్తెంత, కళ్లు ఏ రంగు, ఒంటిమీద పచ్చబొట్టు ఎక్కడ, మచ్చ ఎక్కడ, ఏ ఊరు, ఏ పనివాడు, అక్కడికొచ్చాక ఎన్ని కొరడాదెబ్బలు తిన్నాడు అన్నీ ఉంటాయి. 2007లో యునెస్కో ఆ రికార్డుల్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 2010లో పదకొండు పాత ఖైదీ స్థలాలని ప్రపంచ వారసత్వమంది. ఆ దేశానికి ప్రధాని అయిన కెవిన్ రడ్ మా పూర్వీకురాలు ఆ మేరీ వేడే అని చెప్పుకోగలిగాడు. బట్టలు దొంగిలించిన పిల్ల వంశంలో ప్రధాని పుట్టాడని అక్కడెవరూ ముక్కు మూసుకోలేదు.

వాళ్లకి సాధ్యమైంది మనకెందుకు కాలేదు? తోలు తెల్లనిది కాబట్టి అనేస్తే సగం జవాబే. మిగతా సగం కోసం మనవాళ్లు ఎక్కిన ఓడల దగ్గరికి పోవాలి.

సిడ్నీకి ఓడలు కదిలిన 1787లోనే సుమత్రా దీవిలో బెంకూలెన్‌కి మన దేశపు ఖైదీల్ని పంపడం మొదలైంది. తర్వాత పినాంగు, మలక్కా, సింగపూరు, మారిషస్, బర్మా తీరంలో మౌల్మేన్. మద్రాసు ప్రెసిడెన్సీ ఖైదీల్ని ఎక్కువగా మలయా తీరాలకీ బర్మాకీ పంపేవాళ్లు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. నుదుటి మీద నేరం పేరు పచ్చబొట్టు పొడిచే పద్ధతి 1849 దాకా నడిచింది. పొడిపించుకున్నవాడు శిక్ష తీరి ఊరికొచ్చినా తలగుడ్డ కళ్లదాకా దించుకుని తిరగాల్సిందే. సింగపూరులో సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టింది మన దేశపు ఖైదీలే. గోడలకి పూసింది మద్రాసు సున్నం. గవ్వసున్నంలో గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లు కలిపి మెత్తగా నూరి పూసింది. ఇవాళ ఆ తెల్ల గోడల ముందు ఫోటోలు దిగేవాళ్లల్లో మనవాళ్లూ ఉంటారు. ఆ సున్నం నూరిన చేతులెవరివని అడిగినవాడు లేడు. అక్కడి ఖైదీల మీద అధికారిగా చేసిన మెక్‌నైర్ దొర 1899లో పుస్తకం రాస్తూ వాళ్ల పనితనాన్ని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు దక్కిందిగానీ పేర్లు గోడమీదికి ఎక్కలేదు.

1857 తర్వాత అండమాన్. 1858 మార్చి 10న రెండువందల మంది ఖైదీలతో వాకర్ అనే జైలు డాక్టరు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. ఆ ఏడే పారిపోబోయి దొరికిన ఎనభైమందికి పైగా ఖైదీల్ని ఉరితీయించాడు. అప్పట్నించి 1939 దాకా అండమాన్‌కి పంపిన భారత, బర్మా ఖైదీలు సుమారు 83 వేలమంది అని ఈ విషయం మీద ముప్పై ఏళ్లు పనిచేసిన చరిత్రకారిణి క్లేర్ ఆండర్సన్ లెక్కతేల్చారు. మెడలో ఇనప కడియం, దానికి చెక్కబిళ్ల, బిళ్ల మీద నంబరు, ఏ సెక్షను, ఎప్పుడు శిక్ష పడింది, ఎప్పుడు విడుదల. పేరు లేదు. అడవి కొట్టారు, చిత్తడి పూడ్చారు. 1896 నుంచి 1906 దాకా సెల్యులార్ జైలు కట్టింది కూడా ఖైదీలే. తమ మీద వేసే తాళానికి తామే గోడ కట్టారు.

ఇందులో తెలుగువాళ్ల పేర్లు మనకి కొన్ని తెలుసు. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడిచేసిన మౌల్వీ అలావుద్దీన్ అండమాన్‌లోనే పోయాడు. 1879-80 రంప పితూరీలో పట్టుబడ్డ కొండవాళ్లని చాలామందిని దీవికి పంపారు. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి పక్కన నిలబడ్డ గాం మల్లుదొర ద్వీపాంతరం అనుభవించి బతికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లాడు. మరి ఆ రంప ఖైదీల్లో ఎంతమంది పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి? సెల్యులార్ జైల్లో చలువరాతి పలకల మీద రాజకీయ ఖైదీల పేర్లు చెక్కారు. చెక్కాల్సిందే, మేం కాదనం. ఆ 83 వేలలో రాజకీయ ఖైదీలు పిడికెడు. మిగతావాళ్లు 'మామూలు ఖైదీలు'. ఈ 'మామూలు' అన్న మాట ఎవడు పెట్టాడు?

పీనల్ కోడ్ తెరిచి చూడండి. 1860లో చేసిన చట్టం. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి దోపిడీ చేస్తే అది బందిపోటు దొంగతనం, 391వ సెక్షను. దానికి 395 కింద యావజ్జీవ ద్వీపాంతరవాసం దాకా వెయ్యొచ్చు. ఇప్పుడు 1876-78 నాటి ధాత కరువుని తలుచుకోండి. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో జనం రోడ్ల పక్కన రాలిపోయారు. ధాన్యం బళ్లు రేవులకి పోతూనే ఉన్నాయి. ఆకలిగొన్న నలుగురు ఒక బండినాపి మూట దించుకుంటే దోపిడీ. ఐదోవాడు ఆ మూటకి చెయ్యేస్తే బందిపోటు. ఆ ఐదో మనిషి చెయ్యి ఒక ఇంటిల్లిపాదికీ నూరేళ్ల నిశ్శబ్దం తెచ్చిపెట్టింది. కరువు ఏళ్లల్లో మద్రాసు ప్రెసిడెన్సీ జైళ్లు కిటకిటలాడాయి. ధాన్యం దాచిన షావుకారు మీద ఏ సెక్షనూ లేదు. ఇట్లాంటి కేసుని 'మామూలు నేరం' అని ఊరుకుంటే మనం ఆ దొర తీర్పు కిందే సంతకం పెట్టినట్టు.

తర్వాత 1871 చట్టం. దాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఇక్కడ నేరం చెయ్యాల్సిన పనే లేదు, ఆ కులంలో పుడితే చాలు. ఎరుకల కుటుంబాల్ని స్టువార్టుపురంలో, సీతానగరంలో, కావలిలో సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచారు. 1952 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. ఉత్తరాది భాంతు కుటుంబాలనైతే 1920ల్లో ఏకంగా అండమాన్‌కే తరలించారు. ఆ వంశాలవాళ్లు ఇవాళా అక్కడే ఉన్నారు.

ఇక 'కాలాపానీ' అనే మాట. సముద్రం దాటితే కులం పోతుందని పైకులాల భయం. ఆ భయాన్నే దొరలు శిక్షగా వాడుకున్నారు. మన తాతకి పోవడానికి ఏ కులగౌరవం ఉంది? అతనికి పోయింది పెళ్లాం బిడ్డలు, ఊరి చెరువు, గుడిసె. అందుకే కాలాపానీ కథలు చదివినప్పుడు ఎవడి దుఃఖం గురించి రాశారో చూసుకోండి. అయితే ఒక సంగతి ఉంది. దీవిలో కొన్నేళ్లు గడిచాక సొంతంగా బతకమని వదిలిన ఖైదీలు, అక్కడికి పంపిన ఆడ ఖైదీల్ని పెళ్లాడి కాపురాలు పెట్టారు. ఆడవాళ్లు తక్కువ. కులం చూసుకునే వీలు లేదు, మతం చూసుకునే వీలూ ఎక్కువ లేదు. వాళ్ల పిల్లల్ని 'లోకల్ బార్న్' అన్నారు, ఇప్పటికీ ఆ పేరుతోనే ఒక జనం ఉంది. ఇక్కడ పెళ్లిళ్ల పేరుతో తలలు తెగుతుంటే, అక్కడ జైలు కింద నలిగిన వాళ్లు కులం లేని కాపురాలు చేశారు. వెతుక్కుంటూ పోయిన మునిమనవడికి పోర్ట్ బ్లెయిర్‌లో వేరే మతంలో, వేరే భాషలో చుట్టం దొరికితే బెదిరిపోవద్దు. "అన్నా" అని పిలవండి.

ఇప్పుడు అసలు చిక్కు ముడికి వద్దాం. ఖైదీల చిట్టాల్లో కులం గడి ఉంటుంది. ఆస్ట్రేలియా చిట్టాలో మతముంది, పనితనముంది, ఊరుంది. మన చిట్టాలో వీటన్నిటికీ తోడు కులముంది. ఆ గడిలో ఏం రాశారో దాన్నిబట్టే జైల్లో ఎవడు వండాలి, ఎవడు దొడ్లు ఎత్తాలి అన్నది తేలేది. తెల్లదొర పోయాక కూడా మన రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో అది పోలేదు. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత అనే విలేఖరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, కులాన్నిబట్టి జైల్లో పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. స్వతంత్రమొచ్చిన డెబ్భయ్యేడేళ్లకి! ఆ తీర్పుని మేం నూటికి నూరుపాళ్లు సమర్థిస్తున్నాం. రేపటి ఖైదీ చేతికి చీపురిచ్చే గడి ఉండకూడదు.

నిన్నటి గడి సంగతి వేరు. మన తాతకి చీపురిచ్చిన ఆ గడే ఇవాళ అతన్ని మనం గుర్తుపట్టే ఆనవాలు. ఒక ఓడలో ఐదుగురు వెంకటిగాళ్లుంటే మనవాడెవడో చెప్పేది ఆ గడి, తండ్రి పేరు, ఊరు. ఆ పాత పుస్తకాలు అవమానమని చించమనేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్ల కోపం మాకు తెలుసు. టాస్మేనియా పెద్దమనుషులు కూడా అదే అడిగారు, కాకపోతే వాళ్లు దాచుకోవడానికి అడిగారు. చిస్తే మాయమయ్యేది అవమానం చేసినవాడి చేతిరాత. మనం ఆ చేతిరాతని కోర్టులో సాక్ష్యంలా జాగ్రత్త చెయ్యాలి.

వెతకడం ఎట్లా అని అడిగారు గదా. మొదట ఇంట్లో మొదలెట్టండి, కంప్యూటర్ దగ్గర కాదు. అవ్వని, నాయనమ్మని అడగండి. తేదీ అడిగితే చెప్పలేరు. ధాత కరువుకి ముందా తర్వాతా, బందరు ఉప్పెనకి ముందా తర్వాతా అని అడగండి. ఉప్పెన 1864 నవంబరు, కరువు 1876-78. పదేళ్ల తేడాలోకి వచ్చేస్తారు. ఇంటిపేరు, తండ్రి పేరు, అప్పటి తాలూకా, పోయినవాడి భార్య ఎవరి పంచన బతికింది, కర్మ చేశారా లేదా అన్నీ రాయండి. కర్మ చేశారంటే చావు కబురు వచ్చిందన్నమాట, ఏదో కాగితం వచ్చిందన్నమాట. ఓడెక్కింది ఖైదీగానా కూలీగానా అన్నది కూడా తేల్చుకోవాలి. 'రంగం పోయాడు' అంటే రంగూన్‌కి కూలికి పోయి ఉండొచ్చు. నాటాల్‌కి 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పందం కూలీలు పోయారు, మూడొంతుల్లో రెండొంతులు మద్రాసు రేవునుంచే. ఆ ఓడల చిట్టాల్లో కూడా తండ్రి పేరు, కులం, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. కాబట్టి ఒకచోట లేకపోతే ఇంకోచోట చూడండి.

తర్వాత మద్రాసు. ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వం జుడీషియల్ శాఖ ప్రొసీడింగ్స్ ఉన్నాయి. 1862లో హైకోర్టు రాకముందు పెద్ద శిక్షలు ఫౌజ్‌దారీ అదాలత్ చూసేది. అండమాన్ కోసం ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ విభాగం ఫైళ్లు చూడాలి. వాటి జాబితాలు, కొన్ని ఫైళ్లు 'అభిలేఖ్ పటల్' అనే సైట్‌లో ఇంటి దగ్గరే చూడొచ్చు. సింగపూరు పాత పత్రికల్ని అక్కడి జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టింది. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో కంపెనీ కాగితాలున్నాయి. నిజాం ఇలాకా అయితే దారి వేరు, కాగితం ఉర్దూ, ఫారసీల్లో ఉంటుంది, చదివిపెట్టే మనిషిని వెతుక్కోవాలి.

ఒక హెచ్చరిక. పేర్ల మీద పట్టుదల వద్దు. అరవ గుమాస్తా విని ఇంగ్లీషులో రాసినదాన్ని మనం మళ్లీ తెలుగులో పలకాలి. ఎల్లిగాడు ఏ వేషంలో ఉంటాడో చెప్పలేం. కులం కూడా అంతే. దొరల పుస్తకాలు మాలల్ని 'తెలుగు దేశపు పరయాలు' అని రాశాయి. అందుకని మాల అని వెతికి దొరకలేదని లేచిరావొద్దు, ఆ గడిలో వాళ్లు ఏం రాసి ఉంటారో ఆలోచించి వెతకండి.

ఇంకో మాట చెప్పకపోతే మేం నిజాయితీగా ఉన్నట్టు కాదు. దొరికిన ప్రతి తాతా వీరుడు కాడు. భార్యని చంపినవాడు ఉంటాడు, పక్క పేదవాడి మేకని దొంగిలించినవాడూ ఉంటాడు. ఆడ ఖైదీల్లో చాలామంది మీద ఉన్నది హత్య కేసే. పురిట్లో బిడ్డని చంపిందని కొందరి మీద, మొగుణ్ని చంపిందని కొందరి మీద. ఆ జేజమ్మ కాగితం దొరికినప్పుడు ఆమె ఏ గతిలో ఆ పనికి దిగిందో ఆలోచించకుండా తీర్పు చెప్పొద్దు, కాగితం చింపొద్దు, కథ మార్చొద్దు. అందర్నీ అల్లూరి పక్కన నిలబెడితే అదీ ఒక అబద్ధమే.

మన తాత నరికిన అడవి ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. టాస్మేనియా ఆదివాసుల్ని వేటాడి, మిగిలినవాళ్లని 1830ల్లో ఫ్లిండర్స్ దీవిలో పడేశారు. ఆ నేల మీదే ఖైదీల పిల్లలకి పొలాలొచ్చాయి. అండమాన్‌లో 1859 మేలో ఆదివాసులు అబర్దీన్ దగ్గర తిరగబడితే, వాళ్ల మధ్య ఏడాదిపాటు బతికి, వాళ్ల పిల్లనే కట్టుకున్న దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే దొరలకి కబురిచ్చి తన శిక్ష మాఫీ చేయించుకున్నాడు. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీ జనం ఇవాళ వంద లోపు. మనవాడు గొడ్డలి పట్టింది కొరడా భయంతోనే, అయినా చెట్టు పడింది వాళ్ల నేల మీద. ఆ మాట కూడా వంశ చరిత్రలో రాయండి. ఆస్ట్రేలియా వాళ్లు చాలాకాలం దాన్ని రాయకుండా తప్పించుకున్నారు.

ప్రభుత్వాల్ని మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. మద్రాసు నుంచి దీవులకి పంపిన ఖైదీల చిట్టాల్లో తెలుగు జిల్లాలవి ఏరి, పేరు, తండ్రి పేరు, ఊరు, ఏడాది తెలుగులో అచ్చేసి, ఎవరైనా చూసుకునేట్టు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ కలిసి చెయ్యొచ్చు. జిల్లా కచేరీల్లో, పాత కోర్టుల్లో మిగిలిన క్రిమినల్ రిజిస్టర్లని పాత కాగితం కింద వదిలించుకోకుండా ఆపాలి. కచేరీ భాష తెలిసినవాళ్లకి తెలుసు, ఎల్‌.డిస్‌ ఫైలంటే ఏడాదికి చెత్తబుట్ట, ఆర్‌.డిస్‌ అంటే శాశ్వతంగా ఉంచేది. జమీందారు ఈనాము తగాదా ఆర్‌.డిస్‌ అయినప్పుడు మన తాత శిక్ష ఎందుకు కాదు? సెల్యులార్ జైల్లో ఆ గోడలు కట్టినవాళ్ల నంబర్లయినా ఒక పలక మీద ఎక్కాలి, పేర్లు దొరికినవాళ్లవి పేర్లతో.

వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు దీనికి వదులుతున్నాం. మీ ఇంట్లో దీవాంతరం పోయిన మనిషి గురించి తెలిసింది తెలిసినట్టు రాసి పంపండి. ఊరు, తాలూకా, ఇంటిపేరు, ఏ కరువు, ఏ ఉప్పెన, ఎవరు చెప్పారు, చెప్పినవాళ్ల వయసెంత. కార్డు మీద రాసినా సరే, ముసలమ్మ గొంతు ఫోనులో పట్టి పంపినా సరే. పేరు వెయ్యొద్దంటే వెయ్యం. మద్రాసు వెళ్లి కాగితాలు చూసే ఓపిక ఉన్న కుర్రవాళ్లు, ఉర్దూ చదవగలిగినవాళ్లు విడిగా రాయండి. ముందు ఎనభై దాటినవాళ్లున్న ఇళ్లకి పోదాం.